వంకాయ పడదంటే నమ్ముతారు, సెంటు పడదంటే నవ్వుతారు

ఆషాఢంలో ఒక శనివారం సాయంత్రం. తిరుపతిలో ఒక పెద్ద బట్టల షాపు ముందు, మెట్ల మీద ఎడమ కన్ను మూసుకుని కూర్చున్నాను. పైన మూడో అంతస్తులో మా అక్క, అక్క కూతురు, మగపెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు ఇద్దరు పట్టుచీరలు పరిపించుకుని చూస్తున్నారు. శ్రావణంలో పెళ్ళి. సేల్ ఉండగానే పెద్ద చీరలు కొనేయాలని మా అక్క లెక్క. జరీ మంచిదో కాదో చెప్తానని నన్ను వెంట తీసుకెళ్ళారు. నేను జరీ చూసింది గట్టిగా ఇరవై నిమిషాలు.

గుమ్మంలో అడుగు పెట్టగానే యూనిఫాం వేసుకున్న అమ్మాయి "కొత్త సెంటు మేడమ్" అంటూ, నేను చెయ్యి వెనక్కి లాక్కునే లోపే మణికట్టు మీద తుస్సుమనిపించింది. లిఫ్టులో పది మందిమి, పది మంది మీదా అదే వాసన. మూడో అంతస్తులో ఏసీ కింద గోడకు తెల్లటి పెట్టె ఒకటి ఉంది. కొన్ని నిమిషాలకోసారి అదీ తుస్సుమంటుంది. మూడో చీర విప్పేసరికి ఎడమ కణత కొట్టుకోవడం మొదలైంది. ఐదో చీరకు జరీ గీతలు వంకర్లు పోతున్నాయి. డోకొచ్చేట్టు ఉంది. "ఇప్పుడే వస్తా" అని చెప్పి మెట్ల మీదుగా దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ లిఫ్టు ఎక్కే ధైర్యం లేకపోయింది.

మెట్ల పక్కనే పూలమ్మే ఆమె కూర్చుని ఉంది. నా వాలకం చూసి తన నీళ్ళ సీసా ఇచ్చింది. "ఏమైంది తల్లీ?" అంటే, లోపల సెంటు వాసన పడలేదని చెప్పాను. ఆమె ఇంకేమీ అడక్కుండా మల్లెపూల గంప అవతలి పక్కకు జరిపింది. "ఇవీ పడవేమోనని" అంది. నిజానికి ఆరుబయట మల్లెలతో నాకే ఇబ్బందీ లేదు. కారు అద్దాలన్నీ ఎత్తేసి లోపల రెండు మూరలు పెడితేనే కష్టం. అంత వివరం చెప్పే ఓపిక లేక ఊరకున్నాను.

రాత్రి ఇంట్లో మా బావ అందరి ముందూ అన్నాడు: "మా మరదలికి సువాసన కూడా మోయలేనంత బరువంట!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే కణత ఇంకాస్త లాగింది.

పడదు

మన భాషలో "పడదు" అనే మాట ఎంత గొప్పదో ఆ రాత్రి చీకటి గదిలో పడుకుని ఆలోచించాను. వంకాయ పడదు. కొత్త ఊరి నీళ్ళు పడవు. ఫలానా ఇంజెక్షన్ పడదు. అత్తకూ కోడలికీ పడదు. ఒక్క మాటతో అయిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు, డాక్టరు చీటీ చూపించనక్కర్లేదు. పెళ్ళి భోజనాల్లో "నాకు వంకాయ పడదు నాయనా" అంటే వడ్డించే పిల్లవాడు గరిటె పక్క విస్తరికి తిప్పుకుని పోతాడు. "ఎందుకు పడదు? అందరూ తింటున్నారు కదా, ఒక ముక్క అలవాటు చేసుకోండి" అనడు.

అదే మాట సెంటుకు వాడి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత "మరీ అంత సుకుమారమా" అంటారు. తర్వాత "ఇది మామూలు సెంటు కాదు, చాలా ఖరీదైంది" అని ధైర్యం చెప్తారు. ఖరీదైన వంకాయ అయితే పడుతుందేమో మరి.

ఇంకో తేడా కూడా ఉంది. విస్తట్లో వంకాయను పక్కకు తోసేయొచ్చు. గాలిని ఎక్కడికి తోయాలి?

నేను చెప్పాలనుకున్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఒంటికి రాసుకున్న సెంటు రాసుకున్నవాళ్ళ ఇష్టం. దాని మీద నాకు పేచీ లేదు, ఉన్నా నాలోనే ఉంచుకుంటాను. షాపువాళ్ళు మిషన్ పెట్టి గాలికి పట్టించే సెంటు మాత్రం వేరే సంగతి. చీర కొనాలంటే ముందు ఇది పీల్చాలి అని నా మీద పెట్టిన షరతు అది. ఆ షరతు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఒప్పుకోలేదు. దాన్ని తీసేయమని అడగడం సుకుమారం కాదు, గొంతెమ్మ కోరికా కాదు.

ఒంటి సెంటునూ మిషన్ సెంటునూ ఎందుకు విడదీస్తున్నానంటే, ఒంటి సెంటు వెనక మనిషి ఉంటుంది. ఉదయం ఐదింటికి లేచి వంట చేసి, రెండు బస్సులు మారి, చెమటతో పనికొచ్చే ఆడమనిషి బ్యాగులోంచి చిన్న సీసా తీసి మెడ కింద కొట్టుకుంటే, అది ఆమె మర్యాదకు సంబంధించిన సంగతి. చెమట వాసన వస్తే ఈ లోకం ఆమెను ఎట్లా చూస్తుందో నాకు తెలుసు. ఆమెతో "నీ సెంటు వల్ల నాకు తలనొప్పి" అని నేను అనలేను. ఒక అడుగు పక్కకు జరుగుతాను, అంతే. గోడ మీది పెట్టెకు అట్లాంటి మర్యాద సమస్య ఏదీ లేదు కదా.

గోడ మీది పెట్టె

వారం తర్వాత, తల తేలికగా ఉన్న ఒక మంగళవారం ఉదయం, ఆ షాపుకే వెళ్ళి మేనేజరును కలిశాను. గొడవకు కాదు, అడగడానికి. ముప్పై ఐదేళ్ళవాడు, మర్యాదగా కుర్చీ వేయించాడు. ఆ పెట్టె ఎప్పుడు ఎంత వదలాలో హెడ్డాఫీసు వాళ్ళే సెట్ చేస్తారట. అన్ని బ్రాంచీల్లో ఒకే వాసన ఉండాలట, కళ్ళు మూసుకుని వచ్చినా మా షాపే అని తెలియాలట. ఇక చివరి అస్త్రం: "ఇది కెమికల్ కాదు మేడమ్. నేచురల్ ఆయిల్. లెమన్ గ్రాస్."

ఈ "నేచురల్" దగ్గరే చాలామంది ఆగిపోతారు. నిమ్మగడ్డి నూనెకు ఆ వాసన తెచ్చేది సిట్రాల్ అనే పదార్థం. లావెండర్‌లో లినలూల్, నారింజ తొక్కలో లిమోనిన్. చెట్టు నుంచి తీసినా ఫ్యాక్టరీలో చేసినా అవి అవే. యూరోపు దేశాల్లో సెంట్లలో వాడే ఇట్లాంటి 26 పదార్థాలను, ఒక మోతాదు దాటితే, పేరుపేరునా సీసా మీద రాయాలని 2003లోనే రూలు పెట్టారు. కొందరికి ఇవి చర్మ అలెర్జీ తెస్తాయని. 2023లో ఆ జాబితాను ఇంకా చాలా పెంచారు. ఈ మూడూ మొదటి 26లోనే ఉన్నాయి. లినలూల్, లిమోనిన్ గాలి తగిలి పాతబడే కొద్దీ ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మన దగ్గర డబ్బా తిప్పి చూస్తే సాధారణంగా "పర్ఫ్యూమ్" అనో "ఫ్రాగ్రెన్స్" అనో ఒక్క మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాట వెనక పదులకొద్దీ పదార్థాలు ఉండొచ్చు. ఇక షాపు గాలికైతే లేబులే లేదు.

మేనేజరు చెప్పిన ఇంకో మాట మాత్రం కొట్టిపారేయలేను. "సేల్ రోజుల్లో మూడో ఫ్లోర్‌లో మూడొందల మంది ఉంటారు మేడమ్. చెమట, చంటిపిల్లల డైపర్లు, మూలన విప్పుకున్న పులిహోర పొట్లాలు. ఈ పెట్టె లేకపోతే మీరే ఫస్టు కంప్లయింట్ ఇస్తారు." నిజమే. స్ప్లిట్ ఏసీ చాలావరకు లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. కిటికీలన్నీ అద్దాలతో బిగించేసి అంతమందిని లోపల పెడితే వాసన రాక ఏమవుతుంది? అయితే ఆ పెట్టె వాసనను తీసేయడం లేదు, ఉన్నదాని మీద ఇంకోటి కప్పుతోంది. కావాల్సింది లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాను, బయటి గాలికి ఒక దారి. దానికి కరెంటు బిల్లు పెరుగుతుంది. సెంటు రీఫిల్ చవక. అసలు సంగతి అక్కడ ఉందని నా అనుమానం.

మేనేజరు ఫోన్ వచ్చి అవతలికి పోయాక, చీరలు మడతపెడుతున్న అమ్మాయి మెల్లగా దగ్గరికొచ్చింది. పుత్తూరు నుంచి రోజూ బస్సులో వస్తుందట. "చేరిన కొత్తలో నాకూ తలనొప్పి వచ్చేది అక్కా. ఇప్పుడు వాసనే తెలీదు" అంది. మంచి కబురు చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తోచలేదు. ముక్కు సంగతి అంతే. ఒకే వాసన ఆగకుండా తగిలితే కాసేపటికి దాన్ని గుర్తించడం మానేస్తుంది. గాలిలో ఉన్నదేమో తగ్గదు, పీల్చడమూ ఆగదు. పైగా ముక్కు అలవాటు పడ్డవాళ్ళే "వాసన తగ్గినట్టుంది" అని ఇంకో నొక్కు నొక్కుతారు. ఇంట్లో ఒకే సెంటు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు రానురాను ఎక్కువ కొట్టుకోవడం మీరూ చూసే ఉంటారు.

నేను లోపల ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ పిల్ల ఉండేది రోజుకు పది గంటలు. నేను మెట్లు దిగి వచ్చేయగలను, ఆమె రాలేదు. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చోవడానికి కుర్చీ వేయాలని కేరళ 2018లో, మన పక్కనున్న తమిళనాడు 2021లో చట్టం సవరించాల్సి వచ్చింది. కళ్ళకు కనిపించే కాళ్ళ నొప్పికే చట్టం దాకా పోవాల్సి వస్తే, కనిపించని గాలి గురించి వాళ్ళ తరఫున ఎవరు నోరు విప్పుతారు? ఆ అమ్మాయి అయితే విప్పదు. "నేను చెప్పినానని చెప్పొద్దక్కా" అని రెండుసార్లు అంది.

నాకే అనుమానం

ఇంతా రాస్తున్నా, నా తలనొప్పి మీద నాకే అనుమానం కలిగించిన సంగతి ఒకటి జరిగింది. దాచకూడదు.

నిరుడు ఇంకో షాపులో, గుమ్మం దాటగానే "అబ్బా, మళ్ళీ ఇదే వాసన" అనుకున్నాను. పావుగంటలో కణత మొదలైంది. బయటికొస్తూ సెక్యూరిటీ అతనితో "ఆ సెంటు మిషన్ కొంచెం తగ్గించమని చెప్పు నాయనా" అంటే, అతను తెల్లబోయి చూశాడు. "అది పాడైపోయి పది రోజులైంది మేడమ్. రిపేరుకు ఇచ్చినారు."

అంటే నా తలనొప్పి ఉత్తదేనా? ఆ రోజు నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో పమేలా డాల్టన్ అనే శాస్త్రవేత్త 1990లలో కొన్ని ప్రయోగాలు చేసింది. అందరికీ ఒకే వాసన చూపించి, కొందరికి ఇది సహజమైనదని, కొందరికి ఇది హాని చేసే రసాయనమని చెప్పింది. హాని అని విన్నవాళ్ళకు అదే వాసన ఘాటుగా తోచింది, ఒంట్లో బాగాలేదన్నదీ వాళ్ళే ఎక్కువ. భయం కూడా ముక్కులోంచే దూరుతుందన్నమాట. ఇది చదివినప్పుడు మా బావ నవ్వు నా చెవుల్లో మోగింది.

ఇంకోవైపు నుంచి చూస్తే కథ మారుతుంది. ముక్కులో వాసన పట్టే నరం ఒక్కటే లేదు. ముఖమంతటికీ స్పర్శ, మంట, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నరం కొసలు కూడా ముక్కు లోపల ఉంటాయి. ఉల్లిపాయ తరిగితే కళ్ళు మండేది, అమృతాంజనం ఆవిరి చల్లగా గుచ్చుకునేది ఆ నరం ద్వారానే. మైగ్రేన్ అనే ఒంటికణత నొప్పిని మోసేదీ ఆ నరమే. ఘాటు సెంటు పీలిస్తే కణత కదలడంలో వింతేమీ లేదు. మైగ్రేన్‌కు ఇంకో తిరకాసు కూడా ఉంది. నొప్పి మొదలవడానికి గంటల ముందే, ఒక్కోసారి రోజు ముందే, ఆవులింతలు, మెడ పట్టేయడం, వెలుతురూ వాసనా సహించకపోవడం మొదలవుతాయి. అంటే సెంటు వల్ల నొప్పి వచ్చిందని నేననుకున్న రోజుల్లో కొన్నిసార్లు నొప్పి అప్పటికే బయల్దేరి ఉండొచ్చు. దాని వల్లే సెంటు అంత ఘాటుగా తగిలి ఉండొచ్చు. మిషన్ పాడైన రోజు కూడా అదే జరిగిందేమో. షాపు బట్టలకు పట్టిన పాత వాసనేమో. ఒట్టి భయమేనేమో. ఆ ఒక్క రోజుకు నా దగ్గర సమాధానం లేదు.

ఇట్లాంటి బాధ ఎంతమందికి ఉంది? 2016లో ఆన్ స్టైన్‌మన్ అనే పరిశోధకురాలు అమెరికాలో వెయ్యి పైచిలుకు మందిని అడిగి ఒక సర్వే అచ్చువేసింది. సెంటు కలిపిన వస్తువుల వల్ల ఏదో ఒక ఆరోగ్య ఇబ్బంది వస్తుందని 34.7 శాతం మంది చెప్పారు. ముగ్గురిలో ఒకరు! అంకె చూడగానే మా బావకు వాట్సాప్‌లో పంపేద్దామనుకున్నాను. ఆగాను. అది జనం తమకు తాము చెప్పింది, డాక్టర్లు పరీక్ష చేసి తేల్చింది కాదు. ముగ్గురిలో ఒకరు కాకుండా ముప్పై మందిలో ఒకరే అయినా నా వాదన మారదు. వంకాయ పడనివాళ్ళు ఎంత శాతమో లెక్క తేలాకే కదా మనం గరిటె పక్కకు తిప్పడం మొదలుపెట్టింది! ఆస్తమా ఉన్నవాళ్ళకు ఘాటు వాసనలు ఆయాసం తెప్పించగలవన్నది మాత్రం ఏ ఛాతీ డాక్టరైనా చెప్తాడు. అమెరికాలో అంటువ్యాధుల సంగతి చూసే సీడీసీ సంస్థ 2009లో తన ఆఫీసుల్లో రూమ్ ఫ్రెషనర్లు, సెంటు కొవ్వొత్తులు, అగరబత్తులు వాడొద్దని రూలు పెట్టుకుంది. వాళ్ళెవరూ సుకుమారులు కాదు.

పరిమళాల ఊళ్ళో ఉండి

"తిరుపతిలో ఉంటూ వాసన మీద ఫిర్యాదేంది?" అని మా అక్కే అడిగింది. సబబైన ప్రశ్నే. ఈ ఊరు వాసనల మీదే నడుస్తుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర తులసి మాలలు, కర్పూరం. కొండ మీద శుక్రవారం అభిషేకం, ఆ తర్వాత స్వామికి పునుగు తైలం. లడ్డూలో పచ్చకర్పూరం. గుళ్ళలో వాడిన పూలు వృథా పోకుండా 2021 నుంచి టీటీడీ ఏడు రకాల అగరబత్తులు చేయించి అమ్ముతోంది. మా ఇంటి పూజగదిలోనూ అవే ఉన్నాయి. రోజుకు ఒకటే, అదీ కిటికీ తీసి.

నా కణతకు భక్తి తెలియదు. షాపు సెంటుకు ఎట్లా కొట్టుకుంటుందో మూసిన గదిలో సాంబ్రాణి పొగకూ అట్లాగే కొట్టుకుంటుంది. కాబట్టి "గుడి వాసన మంచిది, షాపు వాసన చెడ్డది" అని నేను అనలేను. అంటే అబద్ధం. తేడా ఎక్కడుందంటే, గుడికి ఆ వాసన కోసం కూడా వెళ్తాను. తెలిసే వెళ్తాను, పడని రోజు మహాద్వారం దగ్గరే దండం పెట్టుకుని వస్తాను. షాపుకు వెళ్ళేది లంగా నాడాలకు, లోపలి బట్టలకు, పెళ్ళి చీరలకు.

ఇదే ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. కొండ మీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. తిరుమల పుష్ప మండపం, అక్కడి పూలన్నీ స్వామివే. పెళ్ళయిన రోజే కొండకు వచ్చిన కొత్త పెళ్ళికూతురు కూడా అలిపిరి దగ్గర జడలోని మాల తీసేస్తుంది. దీనికి కారణం భక్తి, నా తలనొప్పికీ దానికీ సంబంధం లేదు. రెండిటినీ కలిపి ఆచారాన్ని నా వాదనకు వాడుకుంటే తప్పే. అయినా ఒక్క సంగతి మాత్రం చూస్తూనే ఉన్నాను. ఇక్కడ పూలు వద్దు అంటే ఇన్ని వేల మందిలో ఎవరూ అవమానంగా తీసుకోలేదు. "నా ఇష్టం, నా పూలు" అని కొట్లాడలేదు. కారణం తెలిస్తే వాసన మానుకోవడం మనకు చేతగాని పనేమీ కాదు.

మా అవ్వ సంగతి కూడా చెప్పాలి. ఆమె పెట్టెలో బట్టల మధ్య వట్టివేళ్ళు, ఎండిన వేపాకు ఉండేవి. తర్వాత కలరా ఉండలు వచ్చాయి, పని సులువైంది. బీరువా తెరిస్తే కళ్ళు మండేవి. కొందరు పిల్లలకు పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది, దాన్ని జీసిక్స్‌పీడీ లోపం అంటారు. అట్లాంటి పసిబిడ్డలకు కలరా ఉండల మధ్య పెట్టిన బట్టలు చుడితే రక్తకణాలు విరిగి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఇది పిల్లల డాక్టర్లందరికీ తెలుసు, మన బీరువాలకే ఇంకా తెలియదు. బట్టల వాసన మంచిదో చెడ్డదో ముక్కు ఒక్కటే తేల్చలేదని చెప్పడానికి ఈ పక్కదారి పట్టాను.

ఈలోగా నేను చేసేవి

పెట్టెలు ఊడదీసేదాకా బట్టలు కొనకుండా ఉండలేను కాబట్టి, కొన్ని అలవాట్లు చేసుకున్నాను.

షాపు తెరిచే వేళకు వెళ్తాను. అప్పుడే తుడిచిన ఫినాయిలు వాసన ఉంటుంది కానీ తలుపులు బార్లా తీసి ఉంటాయి, జనం ఉండరు, సెంటు ఇంకా పేరుకోదు. శనివారం సాయంత్రం, సేల్ రోజులు నాకు కుదరవు, ఆ పాఠం మెట్ల మీద నేర్చుకున్నాను. చిన్నాచితకా వాటికి గాంధీ రోడ్డులో ముందు భాగమంతా తెరిచి ఉండే పాత అంగళ్ళే మేలు. ఎండ కొడుతుంది, దుమ్ము వస్తుంది, గాలి మాత్రం ఆడుతుంది. గుమ్మంలో సెంటు టెస్టరు పట్టుకుని ఎవరైనా ఉంటే రెండు చేతులూ కొంగు కింద దాచి నడుస్తాను. చూసేవాళ్ళకు చలి పుట్టినట్టు ఉంటుంది, ఉండనీ.

మాస్కు గురించి నేను మోసపోయాను, మీరు పోవద్దు. ఎన్95 సాంబ్రాణి, అగరబత్తి పొగలోని సన్న నలుసులను బాగా ఆపుతుంది. సెంటు ఆవిరిగా ఉంటుంది, దాన్ని ఆపదు. బొగ్గు పొర ఉన్న మాస్కు కొంత పీల్చుకుంటుంది, అదీ కాసేపే. ఇంట్లో వాడే సబ్బు, షాంపూ కొనేటప్పుడు "అన్‌సెంటెడ్" అని ఉంటే చాలనుకునేదాన్ని. అసలు వాసనను కప్పెట్టడానికి ఇంకో సెంటు కలిపిన సరుకు మీద కూడా ఆ మాట ఉండొచ్చు. చూడాల్సిన మాట "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ".

సూపర్‌మార్కెట్లో సబ్బులు, డిటర్జెంట్లు, అగరబత్తులు ఉండే వరసలోకి నేను పోను, మా ఆయన పోతాడు. నేను పప్పుల దగ్గర నిలబడి ఫోన్లో "నీలం ప్యాకెట్ కాదు, దాని పక్కది" అని చెప్తుంటాను. ఆ వరస పక్కనే రవ్వ, బియ్యప్పిండి పెట్టే షాపుల్లో అవి కొనను. పిండి వాసన ఇట్టే పట్టేస్తుంది. సబ్బు వాసనొచ్చే బిస్కెట్ తిన్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా వీధి చివర అంగడి పెద్దాయన సబ్బులూ అగరబత్తులూ ఎప్పుడూ గల్లాపెట్టె వెనక వేరే అరలో పెట్టేవాడు. ఆయనకు ఈ సర్వేలేవీ తెలియవు. ఉప్మా పాడవుతుందని మాత్రం తెలుసు.

కొన్న చీరకు షాపు సెంటు పట్టి ఉంటే డాబా మీద నీడన దండెం మీద రెండు రోజులు ఆరేస్తాను. పట్టును ఎండలో వేస్తే రంగు పోతుంది. డాక్టరు ఇచ్చిన మాత్ర బ్యాగులోనే ఉంటుంది. నొప్పి ముదిరాక వేసుకుంటే దండగ, మొదలవగానే వేసుకోవాలని ఆయన చెప్పాడు. "ఇంకొక్క చీర చూసి పోదాం" అనే మాటే నన్ను చాలాసార్లు ముంచింది.

ఇవన్నీ పనిచేస్తాయి. రాస్తుంటే మాత్రం కొంచెం చిరాకేసింది. పెట్టె వాళ్ళది, అలవాట్లు మార్చుకునేది నేను. మేనేజరు మాత్రం చివరికి "పై వాళ్ళకు మెయిల్ పెడతా మేడమ్" అన్నాడు. పెట్టాడో లేదో తెలియదు. నేను అడిగింది కూడా పెద్దదేమీ కాదు. వారంలో ఒక్క పూట, మంగళవారం పదింటి నుంచి పన్నెండింటి దాకా ఆ మిషన్ ఆపమన్నాను. ఆ పూట నాలాంటి వాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. బేరం పోయేదేం లేదు, పైగా వస్తుంది.

గుమ్మం దగ్గర

పెళ్ళికి పది రోజుల ముందు మా అక్క మళ్ళీ ఫోన్ చేసింది. తలంబ్రాల చీర ఇంకా కుదరలేదట. "నువ్వు లేకపోతే జరీ చూసేవాళ్ళు లేరు, ఈసారి ఉదయమే పోదాం లేమ్మే" అంది. ఇంకో షాపుకు వెళ్ళాం. అక్కడా పెట్టె ఉంది, రెండో అంతస్తులో. నేను కిందే ఆగిపోయాను.

మీరు కూడా చేసే ఉంటారు. షాపు లైట్ల కింద చీర రంగు నమ్మలేమని, గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూస్తాం. మా అమ్మ చేసేది, అవ్వ చేసేది. ఏ షాపతనూ విసుక్కోడు. మెరూన్ అనుకున్నది బయట వంకాయ రంగులో కనిపిస్తే పెళ్ళిలో గొడవ ఎవరు పడతారు? అడక్కముందే "బయట చూసుకోండమ్మా" అని వాళ్ళే మోసుకొస్తారు.

నేను కౌంటర్ అబ్బాయిని పిలిచి, "పైన మా వాళ్ళు ఏరిన చీరలన్నీ ఇక్కడికి తీసుకురా నాయనా. రంగు చూడాలి" అన్నాను. ఆరు చీరలు మోసుకుని రెండంతస్తులు దిగి వచ్చాడు. గుమ్మం పక్కన బల్ల వేసి, పైన తెల్లగుడ్డ పరిచాడు. వీధిలోంచి ఆటోల పొగ, ఎవరో వేస్తున్న బజ్జీల నూనె వాసన, ముఖాన గాలి. గంటసేపు కూర్చున్నాను. ఒక్కో చీర కొంగు తిప్పి జరీ గోటితో గీకి చూశాను, అంచు కలిపిన చోట కుట్టు చూశాను. తల నిమ్మళంగా ఉంది. అరిటాకు రంగు చీర తీసి పక్కన పెట్టాను.

"రంగు బాగా కనిపిస్తోందా మేడమ్ ఇక్కడ?" అన్నాడు ఆ అబ్బాయి, చెమట తుడుచుకుంటూ.

నిజం చెప్దామని నోటిదాకా వచ్చింది. పక్కన మగపెళ్ళివారి ఆవిడ ఉంది, మా బావ కారు దిగి వస్తున్నాడు.

"బాగా కనిపిస్తోంది" అన్నాను.